ఎంగిలి జాంపండు

13 ఆగస్టు 2012, చిక్కడపల్లి

మడిలో ఉండగా నా కొంగు తగిలితే మళ్లీ స్నానం చేసే మా అత్తమ్మ, ఇవాళ పొద్దున తను కొరికిన జాంపండు నా నోట్లో పెట్టింది. “తిను బిడ్డా, మస్తు తియ్యగున్నది” అని చెంప నిమిరింది.

సాయంత్రం హైదర్‌గూడలో డాక్టరు గారు ఆమె స్కాన్ చూపించారు. మెదడు ముందు భాగం కుంచించుకుపోయిందట. మనిషిని అదుపులో ఉంచేది అదేనట. “పక్కింటామెను తిట్టుడు, మీ మీద ఈ కొత్త ప్రేమ, రెండూ రోగమేనమ్మా.”

తిట్లు రోగమంటే నమ్మాను. జాంపండు కూడానా? అదుపు పోయినంత మాత్రాన లోపల లేనిది బయటికి వస్తుందా?

“అమ్మ మళ్ల ఎప్పటిలెక్క అయితదా సార్?” అని మా ఆయన అడిగారు. కాదన్నారు డాక్టరు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం హమ్మయ్య అనిపించింది. ఈ మాట ఆయనతో ఎన్నటికీ అనలేను.