తమ్ముడి నాలుక

మార్టిన్ పండుగ మర్నాడు

మా పెద్దక్క డెనిస్‌కు,

నువ్వు బాగున్నావని తలుస్తాను. నేను మాత్రం బాగాలేను. నేను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నానని చర్చి గుమాస్తా అంటున్నాడు గానీ, తిట్టు వచ్చినప్పుడల్లా కలం ఆపేస్తున్నాడు.

మన హామండ్‌ను ఈ ఏడు ఊళ్ళో ఆడవాళ్ళు బార్లీతో కాచి అమ్మే ఏల్ కల్లు రుచి చూసేవాడిగా ఎన్నుకున్నారని విన్నావు కదా. తమ్ముడికి పెద్దరికం వచ్చిందని సంబరపడ్డాను. ఇప్పుడు వాడే నా పొట్ట కొడుతున్నాడు. ఏల్ కాచాక వాకిట్లో గడ నిలబెట్టి ఆకుల కొమ్మ కడతాను. అది చూసి వాడొచ్చి, గుక్కెడు తాగి సరే అనేదాకా నేనొక్క చెంబు అమ్మకూడదు. వాడేమో ఊళ్ళో కాచే ఆడవాళ్ళందరి ఇళ్ళూ తిరిగి, వారం గడిచాక నా గుమ్మం తొక్కుతాడు. అప్పటికి ఏల్ పులిసిపోయి ఉంటుంది. రెండు విడతలు పందులకు పోశాను.

"ఏరా, నా ఇల్లు నీ కంటికి ఆనదా?" అని అడిగాను.

"ముందు నీ దగ్గరికొస్తే జనం ఏమంటారే అక్కా? సొంత అక్క కాబట్టి కళ్ళు మూసుకుని సరే అన్నాడంటారు. ఉన్నదున్నట్టు చెబుతానని ప్రమాణం చేశాను కదా."

"జనం నోటికి భయపడి నా బార్లీ పందుల పాలు చేస్తావా?"

తల గోక్కుని వెళ్ళిపోయాడు. వాడికి నా మీద పగ ఉంటే పోట్లాడేదాన్ని. మంచివాడనిపించుకోవాలని నన్ను చంపుతున్నాడు, దీనికేం మందు వెయ్యను? మా ఆయన పోయాక నాకు మిగిలింది ఈ కాగు ఒక్కటే. ఇంకొక్కసారి కాస్తాను. అదీ పోతే కాగు అమ్మేసి, నీ ఇంట్లో ఊడ్చుకుంటూ పడుంటాను. నీకైనా ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నీ చెల్లెలు
ఎమ్మట్


ఆండ్రూ పండుగకు ముందు

డెనిస్ అక్కా,

కాచాను. ఈసారి కొమ్మ కట్టి ఊరుకోలేదు. ఆదివారం పూజయ్యాక చర్చి వాకిట్లో అందరి ఎదుటా వాడి చేతికి చెంబిచ్చాను. "ఇప్పుడే తాగు. బాగాలేకపోతే ఇక్కడే చెప్పు" అన్నాను. తాగాడు. బాగుందని వాడి మొహమే చెప్పింది. కానీ చుట్టూ మనుషుల్ని చూసి, "పలచగా ఉంది, అమ్మడానికి వీల్లేదు" అన్నాడు. చెంబు లాక్కుని ఇంటికొచ్చేశాను.

మధ్యాహ్నం ఎవరో పెరటి తలుపు తట్టారు. చూస్తే వాడే, చేతిలో కూజాతో.

"కొంచెం పొయ్యవే అక్కా. ఇలాంటిది ఈ ఏడు ఎక్కడా తాగలేదు" అన్నాడు మెల్లగా.

ఒళ్ళు మండిపోయింది. "దొంగచాటుగా పొయ్యను. వీధిలో నిలబడి తాగుతావా, తాగు. లేదంటే ఇక నా గడప తొక్కకు" అని తలుపేశాను.

రాడనుకున్నాను. చుట్టూ తిరిగి వీధి గుమ్మానికి వచ్చాడు. నేను పోసింది వీధి మధ్యన నిలబడి తాగాడు. ఎదురింటి సిసిలీ ఊరుకుంటుందా? "ఏం హామండ్, పొద్దున పలచగా ఉందన్నావు, ఇంతలోకే చిక్కబడిందా?" అంది. అందరూ నవ్వారు.

వాడు నవ్వలేదు. "పొద్దున అబద్ధమాడాను. మా అక్క ఏల్ మంచిది, అమ్ముకోవచ్చు" అన్నాడు, వీధంతా వినబడేలా.

ప్రమాణం తప్పానని ఒప్పుకున్నవాణ్ణి ఆ పనిలో ఉంచరు. దొరగారి కచేరీలో జుల్మానా కూడా వేస్తారట. అది తెలిసే అన్నాడు. ఇన్నాళ్ళూ వాణ్ణి తిట్టిన నోటికి ఇప్పుడేమనాలో తోచడం లేదు. కోపం పోలేదు, గెలిచినట్టూ లేదు. జనం మాత్రం చెంబులు పట్టుకుని వచ్చిపడ్డారు. నేను నీ దగ్గరికి రావడం లేదక్కా. పొద్దుగూకేలోగా పీపా అడుగంటింది. ఆఖరి చెంబు హామండ్‌కే పోశాను. డబ్బు తీసుకునే పోశాను.

నీ
ఎమ్మట్