ఆఫీసుకు కొత్త ఫోన్లు

విశాఖపట్నం,
21 సెప్టెంబరు 2008, ఆదివారం.

శ్రీవారికి,

కామేశ్వరి నమస్కారాలు. ఇక్కడ నేనూ, అమ్మాయీ కులాసాగానే ఉన్నాం. మీరు ఏ సముద్రం మీద ఉన్నా ఒంట్లో నలతా, మనసులో దిగులూ లేకుండా ఉండాలని దీపం పెట్టినప్పుడల్లా అనుకుంటూనే ఉన్నాను. శాంటోస్ రేవు నుంచి మీరు వేసిన ఉత్తరం వినాయక చవితి వెళ్ళాక అందింది. కవరు మీద మీ చేతిరాత చూడగానే చేతిలో పని పక్కన పడేసి, ఆఫీసు గుమ్మంలో కుర్చీ వేసుకుని చదువుకున్నాను. ఇంటికి తెచ్చుకుని మళ్ళీ చదివాను. అమ్మాయి నవ్వింది, ‘పరీక్ష రాయాలా అమ్మా?’ అని.

ఇవాళ ఆఫీసుకు సెలవు. పెందుర్తిలో మన ఇంటి దగ్గర పొద్దుట్నుంచీ ముసురు. మన అలేఖ్య స్నేహితురాలింటికి వెళ్ళింది. అందుకని తీరిగ్గా రాస్తున్నాను. మీ కంపెనీ ముంబయి ఆఫీసుకు కొరియరు చేస్తే, సింగపూర్లో మీ ఓడ ఎక్కబోయే కొత్త మనిషి చేతికిచ్చి పంపుతామన్నారు. కాబట్టి ఇది మీకు సింగపూర్లో అందాలి. అందాలనే నా ఆశ.

మీరు అడిగినవన్నీ చెప్తాను. వరండా రేకు బాగుచేయించాను, ఇప్పుడు కారడం లేదు. అలేఖ్యకి కళ్ళజోడు వచ్చింది. మొదట్లో పెట్టుకోనని మొండికేసింది గానీ, బోర్డు మీద అక్షరాలు కనబడేసరికి ఇప్పుడు తీయమన్నా తీయడం లేదు. ఇంటర్ అయ్యాక డిగ్రీ ఇక్కడే చదువుతానంటోంది. నేను వేళకి తింటున్నానా అని అడిగారు. తింటున్నాను. మీరున్నప్పుడు తిన్నంత తినడం లేదు, అంతే. అమ్మాయి ముట్టదు, నా ఒక్కదాని కోసం వంకాయ కాల్చి పచ్చడి నూరాలంటే చెయ్యి రాదు. సబ్బవరం రైతు మనకు కూరలు దింపేటప్పుడు నాలుగు గుండ్రటి వంకాయలు విడిగా ఇచ్చి ‘బాబుగోరికిష్టం గదమ్మా’ అంటాడు. మీరు ఓడెక్కి ఎన్నాళ్ళయిందో పాపం ఆయనకు గుర్తుండదు. నేనూ గుర్తుచేయను.

ఇక ఫోన్ల సంగతి. ‘ఉన్న ఫోను బాగానే పనిచేస్తోందిగా, ఇప్పుడు ఇంటర్నెట్టు ఫోన్లంటూ ఎందుకు ఈ హడావుడి’ అని మొన్న ఓడ నుంచి మెయిల్లో రాశారు. మీ మాటా నిజమే. పదేళ్ళుగా ఓడలకు బియ్యం, కూరలు, తాళ్ళు, రంగులూ సరఫరా చేస్తున్నామంటే అంతా ఆ ఒక్క నంబరు మీదే. ఏ ఓడ రేవులోకొచ్చినా కెప్టెనో, వంటవాడో మొదట ఆ నంబరే తిప్పుతాడు. అందుకని ఆ నంబరు మాత్రం తీయనివ్వలేదు లెండి.

ద్వారకానగర్లో కంప్యూటర్ల షాపు శ్రీరామ్మూర్తి ఉన్నాడు కదా, ఆయనే తెచ్చి చూపించాడు. చూడ్డానికి మామూలు బల్ల ఫోనే. వెనక టెలిఫోను తీగకు బదులు కంప్యూటరుకు పెట్టే తీగ పెడతారు. మాట బ్రాడ్‌బ్యాండులో పోతుంది. పాత పోస్టాఫీసు దగ్గర మన ఆఫీసులో ఒకటి, గోపాలపట్నం గోడౌనులో ఒకటి పెట్టుకుంటే, రెండింటి మధ్యా ఎంతసేపు మాట్లాడుకున్నా బిల్లు రాదు. పాత నంబరుకొచ్చే ఫోను కూడా ఒక చిన్న పెట్టెలోంచి ఇందులోకే వస్తుంది.

మూడు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒకటి చవకది, రిసీవరు ఎత్తితే అగ్గిపెట్టెలా తేలిపోతుంది. ఇంకోదానికి పెద్ద తెర, రంగు రంగుల బొమ్మలు. అలేఖ్య దాన్ని వదల్లేదు. మూడోది నల్లగా, మొద్దుగా, బరువుగా ఉంది. మన గోడౌను చూసుకునే సన్యాసిరాజుకి మూడూ నచ్చలేదు.

“కరెంటు పోతే ఏటమ్మా గతి? పాతదైతే సీకట్లో కూడా మోగతాది” అన్నాడు.

“బ్యాటరీ పెట్టె పెడతాను రాజుగారూ, రెండు గంటలు ఆగుద్ది” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“రెండు గంటల తర్వాత?”

అప్పుడు పాతదే గతి అని శ్రీరామ్మూర్తే ఒప్పుకున్నాడు. అందుకని పాత ఫోను ఒకటి గోడౌనులో అలాగే ఉంచేశాం. సన్యాసిరాజు దాన్ని రోజూ తుడుస్తాడు, కొత్తదాన్ని ముట్టుకోడు.

తర్వాత మాట ఎలా వస్తుందో చూద్దామన్నాను. ప్రతి రకంలోనూ రెండోదిచ్చి సన్యాసిరాజుని గోపాలపట్నం పంపించి, అక్కడినుంచి గోడౌనులో ఉన్న సరుకులు ఒక్కొక్కటే చదవమన్నాను. నేను ఇక్కడ విని, విన్నది విన్నట్టు పైకి చెప్పాలి. చవక ఫోనులో ‘సబ్బులు’ అన్నాడట, నేను ‘డబ్బాలు’ అన్నాను. పెద్ద తెరదాంట్లో ‘శనగలు’ అంటే ‘నగలు’ అన్నాను. అలేఖ్య పడి పడి నవ్వింది. శ్రీరామ్మూర్తి నవ్వలేదు. మూడోది కలిపి నా చేతికిచ్చి నావంకే చూస్తూ నిలబడ్డాడు. అందులో సబ్బులు సబ్బులుగానే వినిపించాయండీ. శనగలు, సేమ్యా, చింతపండు, అన్నీ ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాను. నాకే ఆశ్చర్యమేసింది.

“పాత లైన్లో గొంతు సగమే వస్తదమ్మా” అన్నాడు శ్రీరామ్మూర్తి. “లావు శబ్దం వస్తది, సన్నది కోసుకుపోతది. ఇందులో రెండు పక్కలా మంచిది పెట్టుకుంటే మొత్తం గొంతొస్తది. అందరికీ ఇది అక్కర్లేదు, అందుకే ఎవరూ కొనరు.” అని, మెల్లగా అడిగాడు: “మీరెప్పుడూ ఎడం చెవికే పెట్టుకుంటారేటమ్మా?”

అలవాటన్నాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మలేదు. మిగతా రెండూ అట్టపెట్టెల్లో పెట్టేసుకున్నాడు. అలా ఆ నల్ల ఫోన్లే కొన్నాను.

ఇంతవరకూ రాసి, లేచి కాఫీ పెట్టుకుని తాగి వచ్చాను. కాఫీ తాగాలనిపించి కాదు. ఇక్కణ్ణుంచి రాయాల్సింది రాయడానికి చెయ్యి వెనకాడుతోంది.

నాకు వినబడడం లేదండీ. పూర్తిగా కాదు, కంగారు పడకండి. పోయినేడు ఆ విషజ్వరం వచ్చి తగ్గాక కుడి చెవిలో ఈల వేసినట్టు మొదలైంది. తర్వాత ఆ చెవికి ఫోను పెట్టుకుంటే అవతల ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉండేది. వేసవిలో ఎడమదానిలోనూ మొదలైంది. డాక్టరుకి చూపించుకున్నాను. నరం దెబ్బతింది, పోయింది వెనక్కి రాదు, ఉన్నదెన్నాళ్ళుంటుందో చెప్పలేను, చెవికి మిషను పెట్టుకోవడం అలవాటు చేసుకోండి అన్నాడు. మీరు ఓడ మీద ఉండి ఏం చేయగలరు? దిగులు పడి మెట్ల మీద కాలు జారితే? అందుకని చెప్పలేదు. కెప్టెన్లకు తెలిస్తే ‘ఆవిడకు వినబడదట’ అని ఇంకొకరి దగ్గరకు పోతారని కూడా భయం. ఆ గ్రీకు ఓడకు పదిహేను బస్తాల ఉల్లిపాయలు కావాలంటే యాభై పంపానని రాశాను చూడండి, ‘ఫిఫ్టీన్, ఫిఫ్టీ లైన్లో కలిసిపోయాయి’ అని. లైన్లో కలవలేదు. నా చెవిలో కలిశాయి.

అందరి దగ్గరా దాచాననుకున్నాను. ఆ ఉల్లిపాయలు వెనక్కి దింపుతూ సన్యాసిరాజు అన్నాడు కదా, “నాకు తెల్దనుకుంతన్నారేటమ్మా? మీరు నా మూతి సూసి మాటాడతారు. నాను గోడేపు తిరిగి సెప్తే మీకేటీ ఇనబడదు. ఆర్నెల్ల నుంచీ అందుకే మీకెదురుగొచ్చి నిలబడి సెప్తన్నాను.” నాకు ఏడుపొచ్చింది. “బాబుగోరికి సెప్పీండమ్మా” అన్నాడు. చెప్తానన్నాను. చెప్పలేదు.

బస్తాల మాట పోనీండి. మీ గొంతు పోతోందని నా బాధ. మీరు నన్ను ‘కామేశూ’ అంటారు. ఆ చివరి అక్షరం నాకు వినిపించడం మానేసింది. ‘కామే’ అని మీరు సగంలో ఆగిపోయినట్టుండేది. ఆ తర్వాత ఏవేవో గులకరాళ్ళు దొర్లినట్టు మాటలు. మీరు నవ్వితే నవ్వారని తెలిసేది, నేనూ నవ్వేదాన్ని. మీరు ఆగితే ఏదో అడిగారని తెలిసేది, ‘అలాగేనండీ’ అనేదాన్ని. పెళ్ళయిన నాటినుంచీ మీరు నన్ను కష్టపెట్టే మాట ఎప్పుడూ అడగలేదు, కాబట్టి ‘అలాగే’ అంటే తప్పేం వస్తుందనుకున్నాను.

శాంటోస్ నుంచి ఫోను చేసినప్పుడూ అదే జరిగింది. మీరు చాలాసేపు మాట్లాడారు, చివర ఆగారు. నేను ‘అలాగేనండీ, మీ ఇష్టం’ అన్నాను. ఏం ఒప్పుకున్నానో మీ ఉత్తరం వచ్చాక తెలిసింది. ‘దీపావళికి దిగిపోకుండా ఇంకో ఆరు నెలలు ఉండిపోతానంటే నువ్వు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావనుకోలేదు. ఆ డబ్బుతో సరుకులకు వ్యాను కొనుక్కోవచ్చు. సింగపూర్లో కాగితాల మీద సంతకం పెడతాను’ అని రాశారు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచేసి, విప్పి మళ్ళీ అదే చదివాను. నాకు తెలియకుండానే నా నోటితో మిమ్మల్ని ఆరు నెలలు సముద్రం మీదకు తోసేశాను.

మర్నాడే శ్రీరామ్మూర్తికి కబురు పెట్టాను. ఇదండీ ఫోన్ల హడావుడికి అసలు కారణం. డర్బన్లో నావికుల క్లబ్బులో కంప్యూటర్లుంటాయని మీరే చెప్పారుగా. అక్కణ్ణుంచి నేరుగా ఈ ఫోనుకి ఎలా చేయాలో అలేఖ్య చేత మీకు మెయిలు పంపించాను. మీరు చేస్తారని గురువారం మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా బల్ల దగ్గరే కూర్చున్నాను.

ఫోను మోగింది. ఎత్తాను. “కామేశూ” అన్నారు.

మొత్తం వినిపించింది. మీ వెనక ఎవరో కుర్చీ జరపడం, మీరు గొంతు సవరించుకోవడం కూడా వినిపించాయి. మీ గొంతు కొంచెం బొంగురుపోయిందేమిటండీ? జలుబు చేసిందా? అడుగుదామనుకున్నాను. ఈలోగా మీరే అన్నారు, “ఉత్తరంలో రాశాను, చదివావా? ఇంకో ఆరు నెలలు. నిజంగా నీకు సమ్మతమేనా? మనసులో ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యి.”

అన్ని నెలల తర్వాత మొదటిసారి మీరు అడిగిన ప్రశ్న నాకు అక్షరం పొల్లుపోకుండా వినబడింది. జవాబు చెప్పే వీలు దొరికింది. ఎదురుగా సన్యాసిరాజు, పక్కన సరుకు కోసం వచ్చిన ఓడ మనుషులు ఇద్దరు. నోరు తెరిస్తే ఏడుపు తప్ప మాట రాదని తెలిసిపోయింది. “కామేశూ, వినబడుతోందా? హలో?” అంటున్నారు మీరు. వినబడుతూనే ఉంది.

రిసీవరు పెట్టేశాను.

మీరు మళ్ళీ చేశారు. నేను లోపలికి వెళ్ళిపోయాను. సన్యాసిరాజు, ఆ సరుకులు చదివిన రోజు తప్ప ఎన్నడూ ముట్టుకోని ఆ ఫోనెత్తి, “లైను బాగోనేదు బాబుగోరూ, అమ్మగోరికి ఇనబడ్డంనేదు” అని మీకు అబద్ధం చెప్పాడు. ఆయన్ని ఏమనకండి. నన్ను చూసి అలా చెప్పాడు.

లైను బాగానే ఉందండీ. నేనే పెట్టేశాను.

ఓడకు మెయిలు కొడితే ముందు కెప్టెను చదువుతాడు. అమ్మాయి చేత కొట్టించే మాటా కాదిది. అందుకని నా చేత్తో రాస్తున్నాను. మీరు అడిగారు, నేను విన్నాను, విని చెప్తున్నాను: నాకు సమ్మతం లేదు. ఆ కాగితాల మీద సంతకం పెట్టకండి. వ్యాను లేకపోతే ఆటోల్లో వేసి పంపుతాం, ఇన్నాళ్ళూ పంపలేదా? వ్యాను వచ్చే ఏడు కూడా దొరుకుతుంది. నాకు వినపడేది వచ్చే ఏడు ఎంత మిగులుతుందో డాక్టరే చెప్పలేనన్నాడు.

ఉన్న కాస్త వినికిడీ ఫోన్లకూ, కెప్టెన్లకూ ఖర్చుపెట్టేయడం నాకిష్టం లేదు. దీపావళికి వచ్చేయండి. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఊరికే ఏదో ఒకటి మాట్లాడండి. ఓడ సంగతులు చెప్పండి, కూరలో ఉప్పెక్కువైందని విసుక్కోండి. పక్కనుంచి, వెనకనుంచి, ఎక్కణ్ణుంచైనా సరే. వినపడనప్పుడు ‘అలాగే’ అననని మాటిస్తున్నాను. ‘ఏమన్నారు?’ అని అడుగుతాను. మీరు మళ్ళీ చెప్పాలి.

ఇట్లు,
మీ ఇల్లాలు,
కామేశ్వరి.