పీసు తెచ్చినవాడు

డిసెంబరు 10, ఆదివారం

ఆరాధన అయ్యాక హేమలత నన్ను ఆపింది. పాస్టరుగారి కోడలు, విశాఖపట్నం పిల్ల, పెళ్లయి ఆర్నెల్లు కాలేదు. క్రిస్మస్ విందుకి ఈసారి పన్నెండు బల్లలు వేస్తారట. విశాఖ నుంచి పెద్దవాళ్లు వస్తారట. ఒక్కో బల్లకి ఒక సెంటర్ పీసు కావాలట, పూలతో. ఖర్చు ఉండకూడదు, ఇక్కడ దొరికేవాటితోనే కానివ్వాలి అంది. పూల పని మీ చేతికి బాగా వస్తుందటగా మామ్మగారూ అంది.

సరేనన్నాను. అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం 6

పీసు అంటే కొబ్బరి పీచు. రాసేటప్పుడు పీచు అని రాయాలని రాత్రిబడిలో నేర్పారు గానీ నోటికి పీసే వస్తుంది. పట్నం పిల్ల కూడా మనలాగే పీసు అనేసరికి ముద్దొచ్చింది. బల్లకి సెంటర్లో పీసు పెట్టి అందులో పూలు గుచ్చాలి కాబోలు. అంత పీసు ఎక్కడ తేను? మా కొండ మీది ఊళ్లో ఒక్క కొబ్బరి చెట్టు లేదు.

డిసెంబరు 11

నిద్ర లేదు. పన్నెండు బల్లలు.

డిసెంబరు 13, బుధవారం

పీసు ఎక్కడుందో నాకు మొదటి రోజే తెలుసు. సిగ్గేసి రాయలేదు. అమ్మవారి గుడి వెనక, కొట్టిన కాయల పీసు గుట్టగా పడి ఉంటుంది. ఆ గుడికి పూజారి మా అన్న సోంబరు.

నేను బాప్తిస్మం తీసుకుని పద్దెనిమిదేళ్లు. అంతకుముందు సోములమ్మని. ఇద్దరం సోమవారం పుట్టాం, అందుకని ఆయన సోంబరు, నేను సోములమ్మ. నీళ్లలోంచి లేచేసరికి దీనమ్మనయ్యాను. అన్న ఒక్క మాట అనలేదు. నేనే ఆయన ఇంట్లో తినడం మానేశాను. విగ్రహాలకి పెట్టింది తినకూడదని అప్పటి పాస్టరుగారు చెప్పారు. ఆ ఇంట్లో ఏ కుండలోది అమ్మవారికి పెట్టిందో, ఏది కాదో ఎలా తెలుస్తుంది? అదే నా భయం. ప్రతి పండక్కీ వదినె పిలిచేది. కడుపు నొప్పి అనేదాన్ని. పద్దెనిమిదేళ్ల కడుపు నొప్పి.

పీసు తినం కదా. అయినా కాలు కదలడం లేదు.

డిసెంబరు 14, గురువారం

మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసుకుని సంచీతో వెళ్లాను. వంగి ఏరుకుంటుంటే వెనక దగ్గు. అన్న.

"ఏటే సోములీ, ఏటి సేత్తన్నావు? అమ్మోరు సూత్తే కేకేత్తాదనా, అలా వంగిపోతన్నావు?"

విందు సంగతి చెప్పాను. ఇది దేవుడి సొత్తేమో, తీస్తే ఇటు దోషమో అటు దోషమో అన్నాను. అన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"కాయ అమ్మోరిది. ముక్క జనానిది. పీసు ఎవులిదీ కాదే. అట్టుకెల్లు."

సంచీ ఆయనే నింపాడు. మంచి చిప్పలు చూసి అవీ వేశాడు.

డిసెంబరు 15, శుక్రవారం

నేను చేసింది పిట్ట విడిచిపెట్టిన గూడులా ఉంది. పువ్వు గుచ్చితే పక్కకి పడిపోతోంది. పొద్దున్నే అన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పిలవలేదు, తనే వచ్చాడు. పీసు నానబెట్టి, కర్రతో కొట్టి, పలుపు తాడు పేనినట్టు పేని చుట్ట చుట్టాడు. ఆ చుట్ట చిప్పలో బిగించి నీళ్లు పోశాడు. పువ్వు నిటారుగా నిలబడింది. పెరట్లో బంతులు, గట్టు మీద మిగిలిన నాలుగు వలిసె పూలు, సిల్వర్ ఓక్ ఆకు, కింద రాలిన ఎర్రటి కాఫీ పళ్లు. ఖర్చు సున్నా. తిప్పి తిప్పి చూసుకున్నాం ఇద్దరం.

టీ ఇచ్చాను. నా ఇంట్లో తాగడానికి ఆయనకి ఎప్పుడూ అడ్డు లేదు.

ఇవన్నీ బల్లల మీద పెడితే ఎలా ఉంటాయో ఒకసారి చూడాలని ఉందన్నాడు, నా వైపు చూడకుండా. ఈసారి క్రిస్మస్ సోమవారమే కదా, మన రోజే అన్నాడు. భోజనానికి రా అన్నా, అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

డిసెంబరు 17, ఆదివారం

ఒకటి పట్టుకెళ్లి చూపించాను. హేమలత ముందు అర్థం కాక చూసింది, తర్వాత నవ్వింది. పీచు కాదు మామ్మగారూ, సెంటర్ పీస్ అంటే బల్ల మధ్యలో పెట్టే డెకరేషన్, పీచు ఉన్నా లేకపోయినా ఒకటే అంది. ఫోనులో చూపించింది. గాజు గిన్నెలు, గులాబీలు. ఆడవాళ్లందరూ మూగారు. చికెన్ పీసు తెమ్మంటే ఈ మామ్మ కోడికి కూడా పీసు పీకేత్తాది అంది వాళ్లలో రాజకుమారి. చర్చి గచ్చులో ఎన్ని పగుళ్లున్నాయో ఈరోజు లెక్కపెట్టాను.

తర్వాత హేమలత పూలు ముట్టుకుని చూసింది. శుక్రవారం కోసినవి, ఒక్క రేకు వాడలేదు. పట్నంలో దీనికి స్పాంజి కొనుక్కుంటారు, ఇదే బాగుంది, పన్నెండూ ఇలాగే చెయ్యండి అంది. ఇంత పీచు ఎక్కడ దొరికింది అని అడిగింది.

సంతలో ఒకాయన అమ్ముతాడు అన్నాను.

ఆ పిల్ల గుచ్చి అడగలేదు. కోప్పడలేదు. ఆమె అడిగేటప్పటికే అబద్ధం నోట్లో రెడీగా ఉంది.

డిసెంబరు 19

చిప్పలు మూడుసార్లు కడిగాను. ఒకదానికి కుంకం గీత పోవడం లేదు. బూడిదతో తోమాను, గోరుతో గీకాను. ఆ వైపు ఆకు పెడితే కనపడదు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేదు.

డిసెంబరు 22

అన్నకి రావద్దని ఎలా చెప్పాలి?

డిసెంబరు 24, ఆదివారం

చెప్పేద్దామని వెళ్లాను. వదినె తెల్ల పంచె ఉతికి దండెం మీద ఆరేస్తోంది. ఏటమ్మా, నిలబడిపోయావు అంది. ఊరికే అని వచ్చేశాను.

డిసెంబరు 25, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బల్లలు బాగున్నాయి. ఇంత తక్కువలో ఎంత అందంగా చేశారు అని విశాఖ పెద్దలు మెచ్చుకున్నారు. హేమలత నా భుజం పట్టుకుని అందరికీ చూపించింది. ఎవరు వంగి ఏ చిప్ప తిప్పుతారో అని నా ప్రాణం కుంకం గీత దగ్గరే ఉంది.

అప్పుడు గేటు దగ్గర అన్న. తెల్ల పంచె, తలకి నూనె. నుదుటి మీద ఎప్పుడూ ఉండే బొట్టు లేదు. కడిగేసుకుని వచ్చాడు. నాకు మాట రాకూడదని.

ఎవరో మీకేసే చూస్తున్నారు మామ్మగారూ, మీవాళ్లా అంది హేమలత. పెద్దలందరూ అటు తిరిగారు.

"సంతలో పీసు అమ్మే ఆయన" అన్నాను.

అప్పటికి దగ్గరికి వచ్చేశాడు. విన్నాడు. హేమలత మంచి పిల్ల, కూర్చుని తినమని కుర్చీ లాగింది. అన్న చేతులు జోడించాడు.

"నేదమ్మా. పీసు పనికొచ్చిందో నేదో సూసి పోదామని వచ్చాను. దీనమ్మగారికి బేరం కుదిరినట్టే ఉంది."

దీనమ్మగారు. ఈ పద్దెనిమిదేళ్లలో ఆ పేరు ఆ నోట ఒక్కసారి రాలేదు.

బల్లల మధ్య నుంచి మెల్లగా నడిచాడు. ఒక బల్ల దగ్గర వాలిన బంతిపువ్వుని వేలితో సర్ది వెళ్లిపోయాడు.

నేను తిన్నాను. అది కూడా రాయాలి. ఎవరికీ అనుమానం రాకూడదని రెండోసారి వేయించుకుని మరీ తిన్నాను.

డిసెంబరు 29, శుక్రవారం

సంతకి వెళ్లాను. చింతపండు కుప్పల దగ్గర అన్నని ఎవరో పీసోడా అని పిలుస్తున్నారు. తనే చెప్పుకుని ఉంటాడు, నవ్వుతాలుకి. నన్ను చూసి, ఏటి దీనమ్మగారూ, పీసు గావాలా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అందరికంటే ముందు ఆయనే నవ్వి, తువ్వాలు దులుపుకోవడానికి అటు తిరిగాడు. చాలాసేపు దులిపాడు.

చింతపండు కొనకుండా వచ్చేశాను.

డిసెంబరు 31

ఆరాధనలో, ఏడాదిలో దేవుడు చేసింది అందరి ముందూ సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. మోకాళ్ల నొప్పి అనుకున్నాను. అనుకుని కూర్చున్నాను.

జనవరి 7, ఆదివారం

సాక్ష్యానికి లేచాను. రాసుకున్న కాగితం చేతి చెమటకి తడిసిపోయింది. నా పేరు దీనమ్మ, అమ్మవారి గుడి పూజారి సోంబరు చెల్లెలిని, ఆ పీసు ఆయన ఇచ్చిందే అన్నాను. మిగతాది మరిచిపోయాను. స్తోత్రం అనడం కూడా. కూర్చున్నాను.

ఇంటికి పోకుండా నేరుగా వదినె దగ్గరికి వెళ్లాను. అన్న అరుగు మీదే ఉన్నాడు. ఆకలేస్తోంది అన్నాను.