అతికిన చంకకర్ర

చెల్లాయీ,

మంగళవారం ఉదయం పదిన్నరకు విరిగిన నీ చంకకర్ర అతుక్కుంది. దాని మీద నువ్వు బరువు మోపవచ్చా లేదా అన్నది ఇంకా తేలలేదు. నీ ఎత్తుకు సరిపోయేది ఏ దుకాణంలోనూ దొరకలేదు. అందుకే పెరట్లో గ్యాస్ టార్చి పెట్టుకుని అల్యూమినియం అతకడం నేనే నేర్చుకున్నాను.

మూడు రోజులు పాత కిటికీ చట్రం ముక్కల మీద సాధన చేశాను. ఇనుములా ఎర్రబడుతుందని చూస్తూ కూర్చున్నాను. ఎర్రబడలేదు, ఉన్నట్టుండి కరిగి కింద పడింది. మీ వదిన చూసి, "పేపర్లో పనిచేసేటప్పుడు తప్పు రాస్తే మర్నాడు సవరణ వేసేవారు. దీనికేం వేస్తారు?" అంది. ఆఖరికి వీధి చివరి వెల్డర్ వచ్చి చెప్పాడు: "ఇది చెప్పాపెట్టకుండా కారిపోతుంది సార్. అతుకు పక్కన సబ్బు రుద్దండి. అది నల్లబడగానే అతుకు వేసే కడ్డీ తాకించండి. మంట కర్ర గొట్టానికే పెట్టండి, కడ్డీకి కాదు." అలాగే చేశాను. కడ్డీ కరిగి పగుల్లోకి దిగింది.

నీ దగ్గరున్న రెండో కర్ర పొడవు కొలిచి ఉంచు. పాపకు దగ్గు తగ్గిందా? ఒంటి కర్రతో మెట్లు దిగకు. సోమవారం బడిలో తిరిగి ఉద్యోగంలో చేరాలన్న నీ తొందర నాకు తెలుసు. బావగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

శుక్రవారం సాయంత్రం వెల్డరూ నేనూ ఒకరి తర్వాత ఒకరం దాని మీద పూర్తి బరువు వేసి చూస్తాం. తట్టుకుంటే శనివారం పదింటి బస్సులో కర్రతో వస్తాను. విరిగితే అదే బస్సులో ఒట్టి చేతులతో వస్తాను, సోమవారం బడిదాకా నా భుజం పట్టుకుని నడుద్దువుగాని.

అన్నయ్య