పడమటి గట్టు మీది బుట్టలు

అన్నకు నీ చెల్లెలు సుజాత దండాలు. నేను బాగున్నాను, బెంగ పడొద్దు. అమ్మ మోకాళ్లు, నాయన దగ్గు ఎలా ఉన్నాయో రాయి. ఈ ఇంగ్లండులో రోజూ వానే. ఎవరూ అడగని ఈ వాన చూస్తే చినుకు కోసం మొహం వాచిన మన బెళుగుప్ప చేలు గుర్తొచ్చి కడుపు మండుతుంది. సంగటి లేదు, తెలుగు మాట లేదు. వదిన చేసిన శెనక్కాయల పొడి కొంచెం పంపు.

అన్నా, నిన్న ఒకటి చూశాను, అది నీకు వెంటనే చెప్పాలి. "పురుగులు పట్టే బుట్టలన్నీ చిన్నాయన గట్టు మిందనే కట్టినా. వాళ్ల చేన్లో పురుగు మన చేన్లోకి రాకుండా గట్టు కాడే పడిపోతాండాది. బుట్టలు నిండిపోతాండాయి, మందు కొట్టేది నిలిపేసినా" అని రాశావు కదా. చదివి సంతోషపడ్డాను. ఇక్కడ యూనివర్సిటీలో నా పనీ అదే. ఆడ పురుగు వాసన పట్టి మగ పురుగు ఎలా వస్తుందో కంప్యూటర్లో లెక్క కట్టి చూస్తాం. ఒక్కో పురుగు తెర మీద ఒక చుక్క. సరదాకి మన చేను, చిన్నాయన చేను, పడమటి గాలి అన్నీ వేసి, నీ బుట్టలు గట్టు మీద పెట్టాను.

అనుకున్నదానికి తెర మీద అంతా తిరగబడింది. చిన్నాయన చేను మనకు పడమర. బుట్టల్లో పెట్టిన ఆడ పురుగు వాసన గాలికి మన చేను మీదుగానే పోతోంది. అది పట్టుకుని ఎక్కడెక్కడి మగ పురుగులూ మన చేన్లోకే వస్తున్నాయి. బుట్టలో పడేవి మగవే. పడకుండా మిగిలిన కాసిని మగవే ఆడవాటన్నిటితో జతకట్టడానికి సరిపోయాయి. చేనంతా గుడ్లు. ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ మళ్లీ వేశాను. మా ప్రొఫెసరమ్మ కూడా చూసి లెక్క సరిగ్గానే ఉందంది. ఇది చదివిన వెంటనే పోయి ఆకులు తిరగేసి చూడు. గుడ్లున్న ఆకులు తుంచి కాల్చెయ్.

ఇంకోటీ చూశాను. పురుగు పెరగకముందే రెండు చేలలోనూ బుట్టలు కడితే, ఆడదీ మగదీ ఒకదానికొకటి దొరక్క తగ్గిపోయాయి. చివరికి ఒక్క ఆడ పురుగు మిగిలి వాసన వదులుతూనే ఉంది. ఎవరూ రాలేదు. నా గది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. పురుగు కోసం ఏడ్చానని వదినకు చెప్పకు, ఏడాదంతా నవ్వుతుంది.

ఫోన్ చేద్దామంటే మన ఊరి బూత్‌లో కూర్చునేది చిన్నాయన కొడుకే, నిన్ను పిలవడు. గట్టు తగువు మొదలయ్యాక మీరు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. పురుగుకు మీ తగువుతో పనిలేదు.

అమ్మకు, నాయనకు నా దండాలు. పాపకు ముద్దులు. చిన్నాయనకు కూడా దండాలు. అవి మాత్రం నువ్వే వాళ్లింటికి పోయి చెప్పాలి.

నీ చెల్లెలు
సుజాత