అరబ్బీ డాక్టరమ్మ చెప్పింది

రత్నమాణిక్యం అక్కగారికి,

నేను మస్కట్‌లో మీ చెల్లెలు సత్యవేణి పనిచేసే ఇంటికి పక్కింటి వంటమనిషిని. సత్యవేణి ఫోన్ లాక్కుని మిమ్మల్ని ఆటపట్టించేది నేనే; ఫోన్లో నా గొంతు వింటే ఇదీ వేళాకోళమే అనుకుంటారని కాగితం పట్టుకున్నాను.

ఇక్కడి సర్కారు క్లినిక్‌లో డాక్టరమ్మ అరబ్బీని మన ఆడవాళ్లకి తెలుగులో చెప్పేది నేనే. పోయినసారి సత్యవేణి కడుపునొప్పని వస్తే "నీకు కవలలంట" అన్నాను. మొగుడు మండపేటలో, కవలలు ఇక్కడా అని బెంచీ మీద కూలబడింది. క్లినిక్ దాటేదాకా నిజం చెప్పలేదు.

మొన్న సత్యవేణికి పిల్లలు వద్దని ఎప్పుడో వేసిన పాత లూప్ తీయించడానికి మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ చూసి, గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండుంది, క్యాన్సరేమో, వెంటనే పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించాలంది. ఉన్నదున్నట్టు చెప్పాను. అది పకపకా నవ్వింది.

"ఏటక్కా, ఈసారి కవలలు కాదా?"

ఒట్టేశాను, తిట్టాను, ఏడ్చాను.

"అబ్బో, ఏం యాక్షన్ అక్కా!" అని డ్యూటీకి వెళ్లిపోయింది. ఆసుపత్రికి రమ్మంటే ఇప్పటికీ నవ్వుతోంది.

మీరే ఫోన్ చేసి చెప్పండి. మీరు చెబితే భయపడుతుంది. భయపడితేనే కదులుతుంది. తీసుకెళ్లడానికి నేనున్నాను.

ఇట్లు,
మీ చెల్లెల్ని నవ్వించి నవ్వించి చెడగొట్టినది