మూడు గురువారాలు

ఇటెన్,
ఫిబ్రవరి 3, 1995.

సెలీ అక్కకి,

ఇక్కడ పరుగు క్యాంపులో అందరూ క్షేమం. నేనూ క్షేమమేనని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను, నమ్మకు. నువ్వు, బావ, నెల పాప బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. ఒళ్ళు చేశానా? లేదు, నిక్కరు జారిపోతోంది. ఎవడి వెంటైనా తిరుగుతున్నానా? పొద్దున పరుగు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ పరుగు. తిరగడానికి ఓపికెక్కడిది? గురువారం పరుగులో వెనకబడ్డానని కెరిచోలో ఉన్న నీ దాకా ఎవరు మోశారో గానీ, అది మాత్రం నిజం.

గురువారం సంగతి నీకు తెలుసు. ఎర్రమట్టి దారిలో వందమందికి పైగా ఒకే గుంపు. నిమిషం దౌడు, నిమిషం మెల్లగా, ఇలా పాతికసార్లు. వరసగా మూడు గురువారాలు వెనకబడినవాళ్ళని మా పరుగు మాస్టారు జట్టు ఎంపిక పోటీకి పంపరు. నిన్నటితో మూడూ అయ్యాయి. డిసెంబరులో ఆ గుంపుకి ముందు పరిగెత్తినదాన్ని! కాళ్ళు అవే, కండ అదే. పదో దౌడుకే తొడలు తడిసిన బస్తాల్లా బరువెక్కుతున్నాయి. గుండె చూస్తే డోలు వాయిస్తూనే ఉంటుంది.

"జెలగాత్ ఇవాళ మేకలు కాయడానికొచ్చినట్టుందే!" అంది నా గదిలో ఉండే టెక్లా నన్ను చూపించి, భోజనాల దగ్గర అందరూ వింటుండగా. దాని పళ్ళెం లాగి విసిరికొట్టాలనిపించింది.

నిన్న మాస్టారు నా మెడ మీద వేళ్ళు పెట్టి గడియారం చూశారు. "ఆగి రెండు నిమిషాలైంది, ఇంకా నూటడెబ్బయ్యా? కాళ్ళకి దెబ్బ లేదు, గుండెకి జబ్బు లేదు. ఏం దాస్తున్నావే?" అన్నారు. నర్సు వేలు గుచ్చి చూసి రక్తం తక్కువుందని తేల్చింది. "గుండె ఎంత తోసినా, ఊపిరిని కండ దాకా మోసుకెళ్ళేది రక్తమే కదమ్మా. మోసేది తగ్గితే కండ మాత్రం ఏం చేస్తుంది?" అంది.

నీ చివరి ప్రశ్న మిగిలింది. కాన్పప్పుడు నీకెక్కించిన రక్తం ఎవరిదో కనుక్కోమన్నావు. నాదే అక్కా. నీకు చెప్పనని బావ చేత ఒట్టు వేయించుకున్నాను. పోటీ నెలరోజుల్లో ఉందని తెలిస్తే నువ్వు సూది పీకేసేదానివి. కొండ మీద పుట్టినవాళ్ళం, మనకి రక్తం ఎక్కువే, ఒక్క సంచి పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ ధీమాతో మర్నాడే బస్సెక్కి వచ్చి పరుగు మొదలుపెట్టాను కూడా.

ఇదంతా చెబితే మాస్టారు పోటీకి వెళ్ళేవాళ్ళ జాబితా తీసి చూశారు. తర్వాత, "మంచి పనే చేశావు. జాబితాలో మాత్రం నీ పేరు లేదు. వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

నాకు చాలా కోపంగా ఉంది. నీ మీద కాదని రాసి, కొట్టేశాను. కొంచెం నీ మీద కూడా ఉంది. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చెయ్యి చాపుతాను, కానీ తిట్టుకుంటూ చాపుతాను.

పదకొండో తేదీ శనివారం తొమ్మిదిన్నరకి ఎంపిక పోటీలో టెక్లా పరిగెడుతుంటే, నేను దాని స్వెటరు పట్టుకుని గీత దగ్గర నిలబడాలి. ఆ వేళకి నువ్వు పాపని మీ అత్తగారికిచ్చి, ఇంటి వెనక టీ తోట గుట్ట మెల్లగా ఎక్కు. నా రక్తం ఒక్క సంచైనా ఆ రోజు కొండెక్కాలి.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా పోని చెల్లెలు,
జెలగాత్